1940–70ల నాటి క్రోనోగ్రాఫ్ వాచీల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రోనోగ్రాఫ్ అంటే ఏమిటి? మామూలు వాచీకీ దీనికీ తేడా ఏమిటి?

టైమ్ చూపించే వాచీలోనే స్టాప్‌వాచ్ కూడా ఉంటే అది క్రోనోగ్రాఫ్. డయల్ మధ్యలో ఉండే పొడుగాటి సెకన్ల ముల్లు మామూలుగా పన్నెండు దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది. కేసు కుడివైపు, కీ ఇచ్చే క్రౌన్‌కి పైనొకటి, కిందొకటి బటన్లు ఉంటాయి. పై బటన్ నొక్కితే ముల్లు బయల్దేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్ నొక్కితే ఒక్కసారిగా సున్నాకి వచ్చేస్తుంది. డయల్ మీద కనిపించే చిన్న డయళ్ళలో ఒకటి వాచీ అసలు సెకన్లు చూపిస్తుంది. ఇంకొకటి స్టాప్‌వాచ్ నిమిషాలు లెక్కపెడుతుంది, ఎక్కువగా 30 వరకు. మూడోది ఉంటే అది సాధారణంగా 12 గంటల లెక్క.

క్రోనోమీటర్ అనే మాట వేరు. సరైన టైమ్ చూపిస్తుందని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చిన వాచీని అలా అంటారు. అమ్మేవాళ్ళు ఈ రెండు మాటలూ కలిపేస్తుంటారు, గమనించండి.

ఇన్ని వాచీలుండగా ఈ ముప్ఫై ఏళ్ళ కాలాన్నే ఎందుకు పట్టుకుంటారు?

మనకు తెలిసిన రెండు బటన్ల రూపం 1930లలో స్థిరపడింది. సున్నాకి తేవడానికి విడిగా రెండో బటన్ పెట్టే పద్ధతికి బ్రైట్‌లింగ్ 1934లో పేటెంట్ తీసుకుంది. అంతకుముందు చాలా వాచీల్లో అన్ని పనులూ ఒక్క బటనే చేసేది, అందుకని మధ్యలో ఆపి మళ్ళీ అక్కడి నుంచే కొనసాగించడం కుదిరేది కాదు. ఆ తర్వాత యుద్ధం, విమానాలు, కారు రేసులు వచ్చాయి. పైలట్‌కి, ఇంజినీర్‌కి, డాక్టర్‌కి, రేసు డ్రైవర్‌కి ఇది నిజంగా పనికొచ్చే పనిముట్టు అయింది. 1969లో చేతి కదలికకు దానంతటదే కీ తిరిగే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లు వచ్చాయి. జెనిత్ ఎల్ ప్రిమెరో, హోయర్–బ్రైట్‌లింగ్–హామిల్టన్–బ్యూరెన్ కలిసి చేసిన కాలిబర్ 11 అనే మెషిన్, జపాన్ నుంచి సీకో 6139, మూడూ ఆ ఒక్క సంవత్సరంలోనే. వెనకే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చి, స్విట్జర్లాండ్‌లో ఎన్నో కంపెనీలు మూతపడ్డాయి.

అంటే ఈ మధ్య కాలంలో చేసిన వాచీలు అలంకారం కోసం చేసినవి కావు. అంకెలు చదవడానికి వీలుగా ఉండాలి, బటన్ వేలికి సరిగ్గా తగలాలి, మెషిన్ రిపేరుకి లొంగాలి. ఈ మూడింటి నుంచే వాటి అందం పుట్టింది. నాకు వీటి మీద ఉన్న ఇష్టమంతా అందుకే.

మా తాతగారి పాత వాచీ ఉంది. అది క్రోనోగ్రాఫే అయివుంటుందా?

కాకపోవచ్చు. మన ఇళ్ళలో దొరికే పాత వాచీల్లో ఎక్కువ భాగం మూడు ముళ్ళ వాచీలు: హెచ్‌ఎంటీ, ఫావ్ర్-లూబా, వెస్ట్ ఎండ్, రోమర్, కామీ లాంటివి. ఒక్క చిన్న సెకన్ల డయల్ ఉండి, పక్కన బటన్లు లేకపోతే అది క్రోనోగ్రాఫ్ కాదు. అలాగని దాన్ని తీసిపారేయకండి. సర్వీసింగ్ చేయించి పెట్టుకోండి, దాని విలువ మీ ఇంటికి వేరే రకంగా ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా 1970లలో గల్ఫ్‌లోనో అమెరికాలోనో పనిచేసివుంటే మాత్రం డ్రాయర్లు ఒకసారి వెతకండి. సీకో 6139 అలా బయటపడే అవకాశం ఉంది. కింద, ఆరు అంకె దగ్గర, ఒకే ఒక్క 30 నిమిషాల డయల్ ఉంటుంది. కుడివైపు మూడు అంకె దగ్గర వారం, తేదీ కనిపిస్తాయి. వెనక మూత మీది సీరియల్ నంబర్లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. వ్యోమగామి విలియం పోగ్ 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్‌కి ఇలాంటి వాచీనే పెట్టుకుని వెళ్ళాడు.

కాలమ్ వీల్, క్యామ్ అని మాట్లాడుకుంటారు. ఏమిటవి? ఏది మంచిది?

స్టాప్‌వాచ్ మొదలవ్వాలా, ఆగాలా, సున్నాకి రావాలా అన్నది లోపల ఒక భాగం నిర్ణయిస్తుంది. కింద పళ్ళు, పైన నిలువుగా చిన్న స్తంభాలు ఉన్న చక్రం ఆ పని చేస్తే అది కాలమ్ వీల్. దాన్ని చేయడం కష్టం, ఖర్చు. అదే పనిని రేకు నుంచి అచ్చుకొట్టి తీసిన పలకలతో చేయిస్తే అది క్యామ్ పద్ధతి. చవక, తయారీ సులువు.

కాలమ్ వీల్ ఉన్న వాచీ బటన్ మెత్తగా, ఒకే బిగువుతో దిగుతుంది. క్యామ్ వాచీలో, ముఖ్యంగా మొదలుపెట్టేటప్పుడు, కొంచెం గట్టిగా నొక్కాలి. ఆ తేడా వేలికి తెలుస్తుంది. అంతమాత్రాన క్యామ్ తక్కువరకం అనుకోవద్దు. ఒమేగా 1968లో స్పీడ్‌మాస్టర్‌లో కాలమ్ వీల్ ఉన్న 321 మెషిన్ తీసి క్యామ్ ఉన్న 861 పెట్టింది. ఆ 861 ఎంత గట్టిదో ఏ వాచ్ మెకానిక్‌ని అడిగినా చెబుతారు. మొదటిసారి కొనేవాళ్ళకి బాగున్న క్యామ్ వాచీయే నా సలహా, ఎందుకంటే విడిభాగాలు దొరుకుతాయి.

సున్నాకి తెచ్చే ఏర్పాటు మాత్రం రెండింట్లోనూ ఒకటే. చక్రం ఇరుసు మీద హృదయాకారంలో ఉన్న ఒక చిన్న ముక్క ఉంటుంది. దాని మీద సుత్తిలాంటి మీట పడగానే, ముక్క ఎటు తిరిగి ఉన్నా జారి ఒకే స్థానానికి వచ్చి ఆగుతుంది. అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. ఇప్పటికీ ఇంతకంటే సులువైన దారి పెద్దగా ఎవరూ వెతుక్కోలేదు.

డయల్ మీద పేరు చూడాలా, లోపలి మెషిన్ చూడాలా?

మెషిన్ చూడండి. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో క్రోనోగ్రాఫ్ అమ్మిన కంపెనీల్లో చాలావాటికి సొంత మెషిన్ లేదు. వాల్జూ, వీనస్, లాండెరాన్, లెమానియా, ఎక్సెల్సియర్ పార్క్ లాంటి వాళ్ళు మెషిన్ చేసేవారు. మిగతావాళ్ళు అది కొని, మెరుగుపెట్టి, తమ కేసులో, తమ డయల్ కింద బిగించి అమ్మేవారు. దాంతో ఒకే మెషిన్ ఎంతో పేరున్న వాచీలోనూ, ఎవరికీ తెలియని వాచీలోనూ దొరుకుతుంది.

వాల్జూ 72 తీసుకోండి. 1938లో వచ్చిన మూడు డయళ్ళ కాలమ్ వీల్ మెషిన్. రోలెక్స్ 1963లో తెచ్చిన డేటోనాలో ఇదే, కొద్ది మార్పులతో. అదే ఏడాది జాక్ హోయర్ తెచ్చిన కరేరా 2447లోనూ ఇదే. గాలెట్, వాక్‌మన్, ఎనికార్ లాంటి పేర్ల వెనకా ఇదే తిరుగుతోంది. ధరల్లో తేడా మాత్రం భూమికీ ఆకాశానికీ. వాక్‌మన్ లాంటి పేరుతో, డయల్ పాడవకుండా ఉన్న వాల్జూ 72 దొరికితే, నా దృష్టిలో సేకరణలో అంతకన్నా తెలివైన కొనుగోలు అరుదు.

వాల్జూ 23 అదే కుటుంబంలో రెండు డయళ్ళది, ఇంకా పాతది. వీనస్ 175 రెండు డయళ్ళ కాలమ్ వీల్. దాని తయారీ యంత్రాలను 1960ల తొలినాళ్ళలో చైనా కొనుక్కుంది. తియాన్జిన్ ఫ్యాక్టరీ వాటితో తమ వైమానిక దళానికి వాచీలు చేసింది, ఆ వంశం మెషిన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. వీనస్ 178 మూడు డయళ్ళది, పాత బ్రైట్‌లింగ్ నావిటైమర్ 806లో ఉండేది ఇదే. 1966లో వీనస్‌ని వాల్జూ కలిపేసుకుంది, వీనస్ 188 కాస్తా వాల్జూ 7730 అయింది. దాని తర్వాతివే 7733, 7734. ఈ 7734నే రష్యన్లు తీసుకుని పోల్యోట్ 3133గా చేశారు. అంతకుముందు వాళ్ళ స్ట్రెలా వాచీల్లో వీనస్ 150 కుటుంబం ఆధారంగా చేసిన 3017 ఉండేది. 1965లో అలెక్సీ లియోనోవ్ అందరికంటే మొదట నౌక బయట అంతరిక్షంలోకి అడుగు పెట్టినప్పుడు స్ట్రెలాయే పెట్టుకున్నాడు.

సొంతంగా చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1936 నాటి లాంజీన్స్ 13జెడ్‌ఎన్ అద్భుతమైన పని. ముల్లు తిరుగుతుండగానే కింది బటన్ నొక్కితే సున్నాకి వచ్చి, వదిలితే మళ్ళీ బయల్దేరే ఫ్లైబ్యాక్ అందులో ఉంది. యూనివర్సల్ జెనీవ్ వాళ్ళ కాంపాక్స్ వాచీలకు మార్టెల్ కంపెనీ మెషిన్లు చేసేది. ఆ మార్టెల్ తర్వాత జెనిత్ చేతికి వచ్చింది, ఎల్ ప్రిమెరో పుట్టడానికి ఆ పనితనం పునాది అయింది. ఆంజెలస్, మొవాడో, మినర్వా కూడా సొంత మెషిన్ల వాళ్ళే.

ఒమేగా 321 అసలు రూపం లెమానియా 1942లో చేసిన 27 మిల్లీమీటర్ల మెషిన్. అదే పునాది మీద, అత్యంత ఖరీదైన వాచీలు చేసే పటెక్ ఫిలిప్ కూడా తర్వాత క్రోనోగ్రాఫ్‌లు చేసింది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ మెషిన్‌కి కావాలి!

మొదటి వాచీగా ఏది కొనమంటారు?

సీకో 6139, లేదా వాల్జూ 7733 ఉన్న స్టీల్ కేసు వాచీ ఏదైనా. బాగున్నవి కొన్ని వందల డాలర్ల నుంచి మొదలవుతాయి. లాండెరాన్ 48 ఇంకా చవక. 1930ల చివర మొదలై 1970 దాకా లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి కొరత లేదు. కానీ ఒక విషయం తెలుసుకోండి: లాండెరాన్ 48లో పై బటన్ మొదలుపెట్టడానికి మాత్రమే. ఆపేదీ, రెండోసారి నొక్కితే సున్నాకి తెచ్చేదీ కింది బటనే. తెలియక పై బటన్ మీద బలం ఉపయోగించి పాడుచేసినవి చాలా ఉన్నాయి.

రాగి మిశ్రమం మీద క్రోమ్ పూత వేసిన కేసులు వద్దు. మన చెమటకి ఆ పూత లేచిపోతుంది, మళ్ళీ వేయించినా పాత రూపు రాదు. వెనక మూత మీద స్టీల్ అని రాసి ఉన్నంత మాత్రాన కేసంతా స్టీల్ అనుకోకూడదు, చాలాసార్లు ఆ మూత ఒక్కటే స్టీల్.

సైజు విషయానికొస్తే, వీటిలో ఎక్కువ 34 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. ఇప్పటి వాచీలకు అలవాటుపడినవాళ్ళకి మొదట్లో చిన్నగా అనిపిస్తుంది. వారం పెట్టుకుంటే అలవాటైపోతుంది.

డయల్ అసలుదో, మళ్ళీ పెయింట్ చేసిందో ఎలా తెలుస్తుంది?

పాత వాచీ విలువలో సగానికి పైగా డయల్‌లోనే ఉంటుంది. అందుకే మోసమూ ఎక్కువ అక్కడే. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి. వాచీ కంటే ముందు కొనాల్సింది అదే.

మొదట అక్షరాలు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన గీతలు సన్నగా, అంచులు తేటగా ఉంటాయి. మళ్ళీ వేసిన వాటిలో అక్షరాల లావు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అంచుల్లో రంగు కొద్దిగా పాకి ఉంటుంది. తర్వాత చిన్న డయళ్ళ లోపల చూడండి. అసలు వాటిలో గుండ్రంగా సన్నటి వలయాల చెక్కుడు చాలాసార్లు ఉంటుంది, వెలుతురులో వాచీని తిప్పితే మెరుపు దాంతోపాటు తిరుగుతుంది. మందంగా పెయింట్ కొడితే ఆ వలయాలు పూడిపోతాయి. చిన్న డయల్ అంచు దగ్గర అంకె సగం ఎక్కి సగం దిగి ఉందా? సెకన్ల గీతలకీ గంటల గుర్తులకీ పొందిక తప్పిందా? ఆరు అంకె కింద సన్నగా ఉండాల్సిన స్విస్ అనే మాట మాయమైందా? ఇవన్నీ అనుమానించాల్సినవే.

ఆ తర్వాత అదే మోడల్‌వి కనీసం ఓ పదిపన్నెండు ఫోటోలు వెతికి పక్కన పెట్టుకుని పోల్చండి. పెద్ద వేలం సంస్థల పాత కేటలాగులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఈ పోల్చుకునే ఓపికే అసలు చదువు.

వయసుతో వచ్చిన మచ్చలు, పసుపు రంగు, గీతలు ఉన్న అసలు డయల్‌ని, తళతళలాడే కొత్త పెయింట్ కంటే నేను ఎప్పుడూ ఎక్కువగా చూస్తాను. నల్ల డయల్ ఎండకి గోధుమ రంగులోకి తిరిగితే దాన్ని ట్రాపికల్ అంటారు, దానికి ధర పెరుగుతుంది కూడా.

ముంబై స్పెషల్ అంటే ఏమిటి?

దేశంలో దొరికే పాత వాచీల్ని విప్పి, చేతికందిన భాగాలు కలిపి, డయల్‌కి మెరిసే రంగులేసి విదేశాలకు పంపే పద్ధతి ఒకటి దశాబ్దాలుగా నడుస్తోంది. ప్రపంచమంతా సేకర్తలు వాటినే ముంబై స్పెషల్ అంటారు. ఊరి పేరు పడింది కానీ అవి అన్ని ఊళ్ళలోనూ దొరుకుతాయి. ఫావ్ర్-లూబా, వెస్ట్ ఎండ్, సీకోల మీద ఇవి ఎక్కువ. పిల్లాడి పెన్సిల్ డబ్బాలోని రంగులన్నీ ఒక్క డయల్ మీద కనిపిస్తే అటు వెళ్ళకండి. మన దగ్గర కొనేవాళ్ళకి ఇదే అతి పెద్ద ప్రమాదం.

పెద్ద వేలంలో కొంటే ఈ భయం ఉండదు కదా?

తగ్గుతుంది, పోదు. 2021 నవంబర్‌లో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ 2915-1 ఒకటి, డయల్ గోధుమ రంగుకి తిరిగింది, 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది తమ మ్యూజియం కోసం కొన్నది ఒమేగాయే. 2023లో అదే ఒమేగా, ఆ వాచీ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిందని ప్రకటించింది. చేసిన కంపెనీకే ఇలా జరిగిందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

సర్వీసింగ్‌లో మార్చిన క్రౌన్, అద్దం, స్ప్రింగు లాంటివి వేరే సంగతి. అరవై ఏళ్ళ వాచీకి అవి సహజం, అడిగితే చెప్పేవాళ్ళు నిజాయితీపరులు. డయల్, ముళ్ళు, కేసు, మెషిన్ అనే నాలుగూ ఒకే వాచీవి అయివుండాలి. నేను రాజీపడని చోటు అది.

కేసు పాలిష్ చేయించమంటారా?

వద్దు. ఆ రోజుల కేసుల అందం అంచుల్లో ఉంది. పట్టీ తగిలించే కొమ్ముల మీద ఏటవాలుగా కోసిన అంచు ఒక్కసారి బఫింగ్ చక్రం మీద పెడితే గుండ్రంగా అరిగిపోతుంది, తిరిగి రాదు. కొనేటప్పుడు కూడా నాలుగు కొమ్ములూ ఒకే లావుగా ఉన్నాయా, మూత మీది చెక్కుడు లోతుగా ఉందా చూడండి. ప్లాస్టిక్ అద్దం మీది గీతలు మాత్రం పాలిష్ పేస్టుతో ఇంట్లోనే తీసేయొచ్చు.

చీకట్లో వెలిగే అంకెల్లో రేడియం ఉంటుందట. ప్రమాదమా?

1960ల తొలినాళ్ళకు ముందు చేసిన వాటిలో మెరిసే పూత ఉంటే అది రేడియమే అయివుండొచ్చు. ఇప్పుడు వెలగడం లేదంటే రేడియం పోయిందని కాదు. దానితో కలిపిన వెలిగే పదార్థం అరిగిపోయింది, అంతే. రేడియం సగమవడానికి దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. మూత వేసి ఉన్న వాచీని చేతికి పెట్టుకోవడం వేరు, మూత తీసి ఆ పూతని గీరడం వేరు. ఆ పొడి పీల్చడం, నోట్లోకి పోవడం నిజంగా ప్రమాదం. ఇంట్లో ఎప్పుడూ డయల్ విప్పకండి, పూత రాలుతున్న వాచీ కొనకండి. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది కనుక అలాంటివి చాలా ఉంటే గాలి ఆడే చోట పెట్టండి, పడకగదిలో వద్దు. చిన్నపిల్లలకు అందనివ్వద్దు.

తర్వాత ట్రిటియం వచ్చింది. ఆరు అంకె కింద స్విస్ అనే మాట పక్కన టీ అనే అక్షరం దాని గుర్తు. ట్రిటియం పన్నెండేళ్ళకు పైచిలుకులో సగమవుతుంది, కాబట్టి ఆ నాటిది ఇప్పుడు దాదాపు ఆరిపోయి ఉండాలి. ఇక్కడే ఒక పరీక్ష ఉంది. అతినీలలోహిత టార్చ్ వేసి తీసేయండి. 1960ల పూత తర్వాత కూడా చాలాసేపు పచ్చగా వెలుగుతూనే ఉంటే, అది ఈ మధ్య కొత్తగా పూసింది. ముళ్ళ మీది రంగు, డయల్ మీది రంగు కూడా దగ్గరగా ఉండాలి.

కొనే ముందు చేతిలోకి తీసుకుని ఏమేం పరీక్షించాలి?

కీ ఇచ్చి చూడండి, బరబరమనకుండా తిరగాలి. క్రౌన్ లాగి ముళ్ళు తిప్పండి. స్టాప్‌వాచ్ మొదలుపెట్టండి. మధ్య ముల్లు బయల్దేరేటప్పుడు కొద్దిగా ముందుకో వెనక్కో ఉలిక్కిపడటం ఈ మెషిన్లలో మామూలే, ఎందుకంటే తిరుగుతున్న ఒక పళ్ళ చక్రం పక్క నుంచి వచ్చి ఇంకో చక్రాన్ని పట్టుకుంటుంది. పెద్ద దూకుడు ఉంటే మాత్రం సర్దుబాటు తప్పినట్టు.

అలాగే కనీసం ముప్ఫై నిమిషాలు నడవనివ్వండి. ఇది చాలామంది చేయరు. నిమిషాల ముల్లు ప్రతి అరవై సెకన్లకూ ఒక గీత జరుగుతోందా, మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటోందా, స్టాప్‌వాచ్ నడుస్తుండగా వాచీయే ఆగిపోతోందా చూడాలి. ఆగిపోతే ఎండిన ఆయిల్ దగ్గర్నుంచి అరిగిన భాగాల దాకా ఏదైనా కారణం కావచ్చు. తర్వాత ఆపి, సున్నాకి తెండి. అన్ని ముళ్ళూ సరిగ్గా సున్నా మీద నిలబడాలి. ముల్లు నడుస్తుండగా రీసెట్ నొక్కకండి, ఫ్లైబ్యాక్ అని తెలిస్తే తప్ప.

ఆన్‌లైన్‌లో కొంటుంటే వెనక మూత తీసిన ఫోటో అడగండి. మెషిన్ ఫోటో ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపేయండి. తుప్పు, గాట్లు పడిన స్క్రూ తలలు, ఒకదానికొకటి కలవని రంగు పలకలు ఉన్నాయా చూడండి. వాచీ నడకని కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే పరికరం రీడింగు పంపగలిగితే ఇంకా మంచిది. పూర్తిగా కీ ఇచ్చిన పాత మెషిన్‌లో అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే బ్యాలెన్స్ చక్రం ఊపు 250 డిగ్రీలు దాటితే సంతోషించొచ్చు. స్టాప్‌వాచ్ మొదలుపెట్టగానే అది కొంత పడిపోతుంది, అది సహజం.

అంచు చుట్టూ ఉన్న అంకెలు దేనికి?

టాకీమీటర్ వేగం కోసం. కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి తర్వాతి రాయి దగ్గర ఆపితే, ముల్లు చూపించే అంకే గంటకు కిలోమీటర్ల వేగం. 3600ని సెకన్లతో భాగించిన లెక్కే అది. 45 సెకన్లు పడితే 80. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పట్టాల పక్కనున్న కిలోమీటరు గుర్తులతో దీన్ని చక్కగా వాడొచ్చు.

టెలిమీటర్ దూరం కోసం. మెరుపు కనబడగానే నొక్కి, ఉరుము వినబడగానే ఆపితే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో చదవొచ్చు. యుద్ధంలో ఫిరంగి దూరం ఇలాగే లెక్కగట్టేవారు. పల్సోమీటర్ డాక్టర్లది. డయల్ మీద రాసినన్ని, ఎక్కువగా 15 లేదా 30, నాడి దెబ్బలు లెక్కపెట్టి ఆపితే నిమిషానికి ఎన్నో అదే చూపిస్తుంది. నావిటైమర్ చుట్టూ తిరిగేది స్లైడ్ రూల్, పైలట్లు ఇంధనం, దూరం లెక్కలు దాని మీదే చేసుకునేవారు.

సర్వీసింగ్ ఎవరితో చేయించాలి? ఎంత అవుతుంది?

మామూలు వాచీ బాగుచేసే ప్రతివాళ్ళూ క్రోనోగ్రాఫ్ చేయలేరు. విప్పడం సులువే, మళ్ళీ పెట్టి సర్దుబాటు చేయడంలోనే పనితనం. హైదరాబాద్ అబిడ్స్, విజయవాడ, చెన్నై లాంటి చోట్ల పాత దుకాణాల్లో తలపండిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. వెళ్ళి మీ మెషిన్ పేరు చెప్పి, ఇదివరకు అది విప్పారా, విడిభాగాలు ఎక్కడ తెస్తారు అని మర్యాదగా అడగండి. చేసినవాళ్ళు వివరంగా చెబుతారు. డయల్ కొత్తగా చేయించేద్దామని వాళ్ళంతట వాళ్ళే అంటే, వద్దని ముందే స్పష్టంగా చెప్పండి. తీసిన పాత భాగాలన్నీ తిరిగి ఇమ్మనండి.

ఖర్చు మూడు ముళ్ళ వాచీకి అయ్యేదానికంటే చాలా ఎక్కువ. చవక వాచీ అయితే దాని ధరలో సగం సర్వీసింగ్‌కే పోవచ్చు, అది ముందే లెక్కలో వేసుకోండి. వాల్జూ 7733 భాగాలు తేలిగ్గా దొరుకుతాయి. లాంజీన్స్ 13జెడ్‌ఎన్, ఎక్సెల్సియర్ పార్క్ లాంటి వాటికి ఇంకో పాడైన వాచీ కొని భాగాలు తీయాల్సి రావచ్చు.

మన ఎండకీ తేమకీ ఇవి తట్టుకుంటాయా?

తడి వీటికి శత్రువు. బటన్ల సందుల్లోంచి చెమట, తేమ నేరుగా మెషిన్‌లోకి వెళ్తాయి. కేసు మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా ఇప్పుడు దాన్ని నమ్మకూడదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రతీర ఊళ్ళలో ఉండేవాళ్ళు రేడియం లేని వాటిని గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి, అది రంగు మారగానే మార్చండి. ఎండాకాలం మధ్యాహ్నం బయటికెళ్ళేటప్పుడు, వానలో, పెళ్ళి భోజనాల్లో చేతులు కడిగేటప్పుడు పెట్టుకోకండి. సాయంత్రాలకి, ఏసీ ఆఫీసుకి నిశ్చింతగా పెట్టుకోండి. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆరిపోతుందిలే అని ఊరుకోవద్దు, ఆ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

వాచీ ఒక్కసారిగా రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే ముందుగా అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. ఫోన్ కవర్లు, స్పీకర్లు కారణం. అయస్కాంతత్వం తీసేసే చిన్న పరికరంతో నిమిషంలో సరవుతుంది, టెన్షన్ అక్కర్లేదు.

విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. వందేళ్ళు దాటిన వస్తువులకు వర్తించే 1972 నాటి పురావస్తువుల చట్టం ఈ కాలపు వాచీలకు అడ్డు రాదు. కస్టమ్స్ సుంకం, జీఎస్టీ మాత్రం ఉంటాయి. రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకుని, ఆ మొత్తం కూడా కలిపి ధర అనుకోండి. విలువ తగ్గించి రాయించవద్దు. పార్శిల్ పోతే ఇన్సూరెన్స్ కూడా ఆ రాసిన విలువకే వస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించే ముందు, వాళ్ళకి సుంకం నియమాలు చెప్పి, బిల్లు చేతికివ్వండి. ఎయిర్‌పోర్టులో వాళ్ళని ఇబ్బందిపెట్టడం న్యాయం కాదు.

చంద్రుడి మీదికి వెళ్ళిన వాచీ ఇదేనా?

ఒమేగా స్పీడ్‌మాస్టరే. 1965లో నాసా దాన్ని మనుషులతో వెళ్ళే అంతరిక్ష యాత్రలకు ఆమోదించింది. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని నౌకలోనే ఉంచాడు. అందుకని చంద్రుడి మీద మొదట నడిచిన వాచీ ఆల్డ్రిన్ చేతిది. 321 మెషిన్ ఉన్న 1960ల స్పీడ్‌మాస్టర్‌లు ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. మీ మనసు దాని మీదే ఉంటే, ముందు రెండు మూడు చవక వాచీలతో కన్ను తయారుచేసుకుని అప్పుడు దిగండి.

పెట్టుబడిగా కొనొచ్చా?

నేనైతే వద్దంటాను. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్‌లో కోటీ 77 లక్షల డాలర్లు పలికిందన్న వార్త చూసి చాలామంది ఇటు వచ్చారు. ఆ డబ్బు ఆ మనిషి కథకి వచ్చింది. మామూలు డేటోనా దాని దరిదాపుల్లో లేదు. సర్వీసింగ్, సుంకం, అమ్మేటప్పటి కమిషన్ లెక్కేస్తే మామూలు వాచీల మీద మిగిలేది తక్కువ. పోయినా బాధపడని డబ్బుతో, పెట్టుకోవాలనిపించే వాచీ కొనండి.

కొన్నాక కాగితాలేమైనా దాచాలా?

బిల్లు, సుంకం రశీదు, సర్వీసింగ్ బిల్లులు, తీసిన భాగాలు, మూత తీసినప్పటి ఫోటోలు అన్నీ ఒక కవర్లో పెట్టండి. లాంజీన్స్, జెనిత్ లాంటి కొన్ని కంపెనీలు సీరియల్ నంబర్ ఇస్తే తమ పాత రిజిస్టర్లు చూసి వాచీ ఎప్పటిదో చెబుతాయి, అది రాయించి తీసుకోండి. మెషిన్ పేరు, రేడియం ఉందా లేదా, ఏయే భాగాలు మార్చారు అన్నవి మీ చేతిరాతతో తెలుగులోనే ఒక కాగితం మీద రాసి అందులో వేయండి. రేపు ఆ వాచీ మీ పిల్లల చేతికి వెళ్ళినప్పుడు దాన్ని ఎలా వాడాలో, ఏం చేయకూడదో వాళ్ళకి ఆ కాగితమే చెబుతుంది.